ముందు తీసిన నెత్తురు

కరోనా వార్డులు మూసేసిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను నర్సీపట్నం శాంపిల్ సెంటరుకు ఇన్‌ఛార్జి టెక్నీషియన్‌గా వేశారు. అప్పటికి నా ల్యాబ్ సర్వీసు ముప్పై ఏళ్లు దాటింది, రిటైర్‌మెంటు రెండేళ్ల దూరంలో ఉంది. సెంటరంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక మందుల షాపు మేడ మీద రెండు గదులు, ముందు వరండా. లోపలి గదిలో రక్తాన్ని గిర్రున తిప్పి వేరుచేసే సెంట్రీఫ్యూజ్ మిషను, మైనస్ ఎనభై డిగ్రీల డీప్ ఫ్రీజరు, నా టేబులు. బయటి గదిలో కుర్చీలు, రక్తం తీసే సిస్టర్ మేరీ. విశాఖపట్నంలోని ఒక క్యాన్సర్ ఆసుపత్రి నడిపే పరిశోధనకు గురువారం గురువారం రక్తం తీసి, వేరుచేసి, గడ్డకట్టించి, శుక్రవారం డ్రై ఐస్ పెట్టెలో పంపించడం మా పని. ఆలోచించేవాళ్లు అక్కడుండేవాళ్లు.

పరిశోధన క్లోమగ్రంథి క్యాన్సర్ మీద. కడుపులో వెనకగా, వెన్నెముకకు దగ్గరగా ఉండే గ్రంథి అది. అక్కడ లేచే గడ్డ సంగతి చిత్రంగా ఉంటుంది. గడ్డంతా క్యాన్సర్ కణాలే ఉంటాయని మనం అనుకుంటాం. కోసి మైక్రోస్కోపు కింద పెడితే చాలావరకు గట్టి పీచు కనిపిస్తుంది. ఆ పీచును అల్లే కణాలు, రక్తంలోంచి వచ్చి చేరిన తెల్లకణాలు, అన్నీ మన ఒంటివే. క్యాన్సర్ కణాలు వాటిని పిలిపించుకుని చుట్టూ కూర్చోబెట్టుకుంటాయి. ఆ పిలుపుల పేరే కీమోకైన్లు. చాలా చిన్న ప్రోటీన్లు. మా కోటవురట్ల వైపు ఊరి పండక్కి డప్పు మోగితే ఏ వీధిలోవాళ్లు ఆ వీధిలోంచి చప్పుడొచ్చే వైపు నడుస్తారు. కణాలూ అంతే, కీమోకైన్ ఎటు ఎక్కువగా ఉంటే అటు నడుస్తాయి.

ఒక రకం పిలుపుకు గడ్డను కాపాడే తెల్లకణాలు వస్తాయి. ఇంకో రకాన్ని పీచుకణాలు వదులుతాయి. దానివల్ల క్యాన్సర్‌ను చంపాల్సిన మంచి కణాలు గడ్డ అంచుదాకా వచ్చి, లోపలికి పోలేక అక్కడే నిలబడిపోతాయి. ఈ పిలుపులను ఆపే కొత్త మందును మామూలు క్యాన్సర్ మందైన కీమోతో కలిపి ఇస్తే గడ్డ తగ్గుతుందా అన్నదే పరిశోధన. మందు పనిచేస్తోందో లేదో చూడడానికి రక్తంలో ఇంటర్‌ల్యూకిన్ ఎనిమిది అనే దాన్ని కొలిచేవారు. పేరు అలా ఉన్నా అదీ కీమోకైనే. తగ్గుతూ వస్తే మంచిది, పెరుగుతూ పోతే మందు పనిచేయనట్టు లెక్క.

మా మొదటి రోగుల్లో ఒకావిడ కొండమ్మ. లంబసింగి దాటాక రోడ్డు దిగి ఇంకా లోపలికి నడవాల్సిన ఊరు. యాభై ఏళ్లుంటాయి. కాఫీ మొక్కలు, మిరియాల తీగలు, చింతపండు కాలంలో చింతపండు. కామెర్లొస్తే ఊళ్లో పసరు పోయించుకుని రెండు నెలలు పోగొట్టుకుంది. తర్వాత కూతురు సీతాలు పట్టుబట్టి కొండ దింపి తీసుకొచ్చింది. సీతాలు అంగన్‌వాడీలో పనిచేసేది, కాగితం చదవగలదు, ఎవరినైనా నిలదీయగలదు. కొండమ్మ గడ్డ ఒక పెద్ద రక్తనాళాన్ని అంటుకుని ఉంది. అది కాస్త వదిలితే తప్ప సర్జన్లు ఆపరేషన్‌కు ఒప్పుకోరు. వదలాలంటే మందు పనిచేయాలి. ఆవిడకున్న దారి అదొక్కటే.

ఇక నా పని సంగతి. రక్తాన్ని ఊదా మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో తీస్తాం. అందులో రక్తం గడ్డకట్టకుండా మందుంటుంది. గంటలోపు సెంట్రీఫ్యూజులో తిప్పాలి. కణాలు అడుగుకు చేరి పైన పసుపు రంగు ప్లాస్మా తేలుతుంది. దాన్ని తీసి చిన్న సీసాల్లో పోసి ఫ్రీజర్లో పెట్టాలి. ఫారం మీద రక్తం తీసిన టైము రాసి, ‘గంటలోపు వేరుచేశాను’ అన్న గడిలో టిక్కు పెట్టి సంతకం చేయాలి. మిషనులో ఒక ట్యూబు పెడితే దానికి సరిగ్గా ఎదురుగా అంతే బరువున్నది ఇంకొకటి పెట్టాలి, లేకపోతే మిషను గజగజ వణుకుతుంది. ఒక్కటే ఉంటే ఎదురుగా నీళ్లు పోసిన ట్యూబు పెట్టి తిప్పొచ్చు. నాకది తెలుసు. కానీ అది దండగ తిప్పుడని నా అభిప్రాయం. రోజుకు వందల శాంపిళ్లు వచ్చే ల్యాబుల్లో పెరిగినదాన్ని నేను. ట్రే నిండాక మిషను ఎక్కించడమే మాకు తెలిసిన పద్ధతి. కరెంటు పోతే మా ఇన్వర్టరు ఆ మిషన్ను మోయదు కూడా.

ఇంకో నియమం నేనే పెట్టాను. దూరం నుంచి వచ్చినవాళ్లకు ముందు రక్తం తీయాలి. కొండమ్మ మొదటి బస్సుకు దిగి ఎనిమిది గంటలకల్లా మా మెట్లెక్కేది. తొమ్మిదిన్నర బస్సు అందకపోతే మళ్లీ మధ్యాహ్నం దాకా లేదు. కీమో పడిన మనిషిని బస్టాండులో కూర్చోబెట్టడం నాకు మనసొప్పేది కాదు. అందుకే మేరీకి ఖచ్చితంగా చెప్పాను, కొండమ్మ వచ్చీ రాగానే ముందు ఆవిడకే తీసి పంపించెయ్యమని. అది నా మంచితనమని లోలోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

మొదట్లో గురువారానికి ఇద్దరే వచ్చేవారు. కొండమ్మ, గొలుగొండ నుంచి ఒక రైతు. ఇద్దరూ ఒకే వేళకు వచ్చేవారు కాబట్టి రెండు ట్యూబులూ ఎదురెదురుగా పెట్టి వెంటనే తిప్పేదాన్ని. తర్వాత ఆ రైతు పదింటికి రావడం మొదలుపెట్టాడు, కోటవురట్ల వాళ్లొచ్చారు, పాయకరావుపేట వాళ్లొచ్చారు. ఆరుగురయ్యారు. ఆఖరివాళ్లు వచ్చేసరికి పదిన్నర, పదకొండు. అందరివీ చేరాక ఒకేసారి తిప్పేదాన్ని. గంట లెక్క ఆఖరి ట్యూబు నుంచి వేసుకుని గడిలో టిక్కు పెట్టేదాన్ని. అబద్ధం రాస్తున్నానని ఒక్కసారి కూడా తోచలేదు. చేతికి అలవాటైన పనిని బుర్ర మళ్లీ చూడదు.

నాలుగో నెలలో విశాఖ నుంచి డాక్టర్ శారద గారు ఫోన్ చేశారు. పరిశోధన బాధ్యత ఆవిడదే. కొండమ్మ స్కానులో గడ్డ పెరగలేదు, తగ్గలేదు. అలా అటూ ఇటూ కాకుండా ఉంటే రక్తంలో కీమోకైన్ చూసి తేల్చాలని నియమం. మూడు వారాలకోసారి తీసిన కొండమ్మ రక్తంలో అది మొదటిసారి కంటే మూడోసారి ఎక్కువ, మూడోసారి కంటే ఐదోసారి ఎక్కువ. మందు పనిచేయడం లేదని పరిశోధన కమిటీ అనుకుంటోందని, వచ్చే గురువారం ఆఖరి శాంపిల్ తీసి, మందు ఆపే కాగితాల మీద సంతకం తీసుకోమని చెప్పారు. మందు ఆగితే ఆపరేషన్ కూడా లేనట్టే. ఫోన్ పెట్టేశాక నాకు చాలా బాధేసింది. కానీ రీడింగులు రీడింగులే కదా అనుకున్నాను.

ఆ గురువారం తల్లీకూతుళ్లు ఎప్పటిలాగే ఎనిమిదింటికి వచ్చారు. ఎనిమిదీ ఇరవైకి రక్తం తీశాం. కాగితాలు సీతాలు చదివింది. ముఖం నల్లబడిపోయింది, అయినా తల్లి ముందు ఏడవలేదు. సంతకం మాత్రం ఇప్పుడే పెట్టించనని చెప్పింది. తొమ్మిదిన్నర బస్సుకు వెళ్లారు, పావుగంటలో తిరిగొచ్చారు. ఘాట్ రోడ్డు మీద చెట్టు పడి బస్సు ఆపేశారట. వరండాలో ఎండ పడుతోందని లోపలి గదిలో నా టేబులు పక్కన కుర్చీ వేశాను. అంతకు ముందు ఆవిడ ఎప్పుడూ అక్కడ కూర్చోలేదు.

పదకొండు దాటింది. పాయకరావుపేట వాళ్ల కోసం చూస్తున్నాను. కొండమ్మ చాలాసేపు ట్యూబుల స్టాండు వంకే చూసి, మెల్లగా అడిగింది.

“ఏటమ్మా, అది నా నెత్తురే కదా. పొద్దున్న తీసినారు. ఇంకా ఇక్కడే నిలబడిపోనాదేటి?”

అందరివీ వచ్చాక ఒకేసారి తిప్పుతామని చెప్పాను.

“అదేటమ్మా. మా కాడ జీలుగు కల్లు దింపినోడు పక్కోడి కుండ నిండిందాకా కూకోడు. పొద్దెక్కితే పులిసిపోద్ది. నెత్తురు పులవదేటి?”

మేరీ నవ్వింది. నాకు చిరాకేసింది. ముప్పై ఏళ్ల సర్వీసుకు కల్లు పాఠం చెబుతున్నట్టనిపించింది. ట్యూబులో మందుందని, రక్తం గడ్డకట్టదని కాస్త గట్టిగానే అన్నాను.

“గడ్డ కట్టనేదంటే బతికున్నట్టే కదమ్మా,” అంది కొండమ్మ. “బతికున్నది ఊరికే కూకుంటదేటి?”

ట్యూబులోని తెల్లకణాలు బతికే ఉంటాయి. బతికున్నంతసేపూ అవి చేసే పని చేస్తూనే ఉంటాయి. వాటి పనుల్లో ఒకటి ఒకదాన్నొకటి పిలుచుకోవడం. ఇంటర్‌ల్యూకిన్ ఎనిమిదిని ఆ తెల్లకణాలు కూడా వదులుతాయని ట్రైనింగులో చెప్పారు, నేను నోట్సు కూడా రాసుకున్నాను. గంటలోపు అన్న నియమం అందుకే పెట్టారు. గడియారం చూశాను. పదకొండూ పది. ఆవిడ రక్తం దాదాపు మూడు గంటలుగా స్టాండులో నిలబడి ఉంది.

సెంట్రీఫ్యూజు పక్కన మిషను రిజిస్టరు ఒకటుండేది. ఏ రోజు ఎన్ని గంటలకు తిప్పామో అందులో రాస్తాం, కానీ అది విశాఖ వెళ్లదు. ఫారాల్లోని రక్తం తీసిన టైములను దాని పక్కన పెట్టి చూసుకున్నాను. మొదటిసారి పావుగంట తేడా. మూడోసారి గంటన్నర. ఐదోసారి రెండున్నర గంటలు దాటింది. రోగులు పెరిగేకొద్దీ కొండమ్మ ట్యూబు ఎక్కువసేపు నిలబడింది. ఆవిడ రీడింగు కూడా అదే వరుసలో పెరిగింది. మిగతావాళ్లు ఆలస్యంగా వచ్చేవాళ్లు కాబట్టి వాళ్ల రక్తం ఇంతసేపు ఆగలేదు. అందరికంటే ముందు తీసినందుకు ఆవిడ రక్తమే అందరికంటే ఎక్కువగా పాడైంది. ఆవిడ మీద జాలిపడి నేను పెట్టిన నియమమే ఆవిడ మందు ఆపించబోతోంది.

ఇక్కడ ఒక నిజం రాయాలి. నేను వెంటనే ఫోన్ ఎత్తలేదు. ప్రతి ఫారం మీదా నా టిక్కుంది, నా సంతకముంది. చెబితే సెంటరు శాంపిళ్లన్నీ అనుమానంలో పడతాయి. మెమో వస్తుంది. రిటైరయ్యే ముందు ఒక్క మచ్చ లేని సర్వీసని అందరికీ చెప్పుకునేదాన్ని, ఆ మాట పోతుంది. పైగా తేడా నిజంగా దీనివల్లే వచ్చిందో లేదో ఎవరికి తెలుసని కూడా అనుకున్నాను. రీడింగు నిజమే అయితే ఆవిడకు ఒరిగేదేమీ లేదు, నా పరువు పోవడం తప్ప. ఒక పది నిమిషాలు ఆ రిజిస్టరు ముందు అలాగే కూర్చున్నాను. సిగ్గేసే పది నిమిషాలవి. పక్క కుర్చీలో ఆ మనిషి లేకపోతే ఇంకెంతసేపు కూర్చునేదాన్నో చెప్పలేను.

చివరికి ఫోన్ చేసి చెబితే శారద గారు పూర్తిగా విన్నారు. తిట్టలేదు, టైములు ఒక్కొక్కటీ చదివించుకుని రాసుకున్నారు. పొద్దున్న తీసిన ట్యూబును పారేయవద్దని, అలాగే తిప్పి విడిగా భద్రపరచమని, కొండమ్మ ఒప్పుకుంటే ఇంకోసారి రక్తం తీసి వెంటనే తిప్పి, రెండూ పక్కపక్కనే పంపించమని చెప్పారు. జబ్బులేని మనిషి రక్తాన్నీ అలాగే రెండు ట్యూబుల్లో తీసి, ఒకటి వెంటనే, ఒకటి మూడు గంటలకు తిప్పి పంపమన్నారు. ఎవరిది తీయాలో నేను అడగలేదు. మేరీ వైపు చేయి చాపాను.

తర్వాత తల్లీకూతుళ్లకు చెప్పాను. తప్పు నాదని, రీడింగు పెరగడానికి అదే కారణం కావచ్చని, కాకపోవచ్చని, మళ్లీ సూది గుచ్చాలని.

సీతాలు లేచి నిలబడింది. “అయితే ఈ ట్యూబు సూసేనా మేడమ్, మా అమ్మకి మందాపీస్తామన్నారు? మేమడక్కపోతే ఆపీసుండేవారు కదా.”

అవునన్నాను.

కొండమ్మ కూతుర్ని కూర్చోమని చేత్తో సైగ చేసింది. “ఊరుకోయే. నాకు బస్సందాలని ముందు తీసినారు. ఆ సంగతి నాకు తెల్దేటి?” నా వైపు తిరిగి జాకెట్టు చేయి పైకి లాగింది. “గుచ్చండమ్మా. ఇన్నిసార్లు గుచ్చినారు, ఇంకోటికేటి. ఈసారి మాత్రం బేగి తిప్పండి.”

కీమో పడిన చేతులకు నరాలు సులువుగా దొరకవు. మేరీ రెండుచోట్ల గుచ్చాక మూడోచోట దొరికింది. నేను ఇంకో ట్యూబులో అంతే ఎత్తుకు నీళ్లు పోసి, తూకం చూసి, కొండమ్మ ట్యూబుకు ఎదురుగా పెట్టి మిషను వేశాను. రక్తం తీసిన నాలుగో నిమిషంలో అది తిరగడం మొదలైంది. కొండమ్మ తలుపు దగ్గర నిలబడి అది ఆగేదాకా చూసింది.

ఫలితం రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. పొద్దున్న తీసి ఆలస్యంగా తిప్పిన ట్యూబులో కీమోకైన్ ఎప్పటిలాగే ఎక్కువగా ఉంది. అదే మనిషి, అదే రోజు, వెంటనే తిప్పిన ట్యూబులో మొదటిసారి కంటే కూడా బాగా తక్కువగా ఉంది. నా రక్తంలోనూ అదే తేడా. ఆలస్యంగా తిప్పిన ట్యూబు కాగితమొక్కటే చూస్తే నేనే పెద్ద రోగినని ఎవరైనా అనుకుంటారు. కొండమ్మకు మందు పనిచేస్తోంది. మేమే ఆ సంగతి కనబడకుండా చేశాం.

నియమం తప్పినట్టు నా చేతిరాతతో రిపోర్టు రాసిచ్చాను. పాత శాంపిళ్లలో ఆలస్యమైనవన్నీ పక్కన పెట్టారు. మెమో వచ్చింది, సమాధానం ఇచ్చాను. ఒక రోజు ట్రైనింగుకు విశాఖ రమ్మన్నారు. అప్పుడే కోర్సు ముగించిన పిల్లల మధ్య కూర్చుని, ట్యూబు ఎలా పట్టుకోవాలో మొదటినుంచి విన్నాను. పక్కనున్న అమ్మాయి నన్ను చూసి, మీరు పాఠం చెప్పడానికి వచ్చారా అండీ అని అడిగింది. లేదమ్మా, నేర్చుకోడానికే వచ్చానన్నాను. నవ్వులాట అనుకుంది.

కమిటీ కొండమ్మను పరిశోధనలోనే ఉంచింది. తర్వాతి స్కానులో గడ్డ ఆ రక్తనాళాన్ని కొంచెం వదిలింది. ఆ తర్వాతి స్కానుకు ఇంకొంచెం. సర్జన్లు ఒప్పుకుని ఆపరేషన్ చేశారు. ఈ జబ్బులో ఇంక భయం లేదన్న మాట ఎవరూ అనరు, నేనూ అనను. మూడు నెలలకోసారి స్కాను ఉంటుంది. మొన్నటి స్కాను శుభ్రంగా ఉందని సీతాలు ఫోన్ చేసి చెప్పింది. ఈ ఏడాది మిరియాలు వాళ్లమ్మే కోసిందట. నేను రిటైరయ్యే రోజున కొండమ్మ మెట్లెక్కి వచ్చి, నాకంటే ముందు సెంట్రీఫ్యూజు దగ్గరికెళ్లి, దాని మూత మీద చెయ్యి వేసి చూసి, అప్పుడు నన్ను పలకరించింది.

నా తర్వాత వచ్చిన టెక్నీషియన్‌కు చార్జి ఇచ్చేటప్పుడు రెండు నియమాలు చెప్పాను. దూరం నుంచి వచ్చినవాళ్లకు ముందు తీయాలి, ఆ నియమంలో తప్పు లేదు. తీసిన రక్తాన్ని ఇంకొకరి రక్తం కోసం ఆపకూడదు. గడిలో టిక్కు పెట్టేముందు గడియారం చూడాలని, రోగి ఏదైనా అడిగితే జవాబు చెప్పేముందు ఆ ట్యూబు వంక ఒకసారి చూడాలని కూడా చెప్పాను. ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇంతే, అదీ చివరి రెండేళ్లలో. నీళ్ల ట్యూబును స్టాండులో మొదటి గడిలో పెట్టి, దానికి ‘ఒక్క ట్యూబున్నా దీంతో తిప్పండి’ అని చీటీ అంటించి వచ్చాను. నేను చేరిన రోజు నుంచీ ఆ నీళ్లూ, ఆ ట్యూబూ నా చేతికి అందేంత దూరంలోనే ఉన్నాయి.